పాత దెయ్యాల సినిమాలు: కొత్తగా దిగేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హారర్ సినిమాల మాట ఎక్కడ మొదలైనా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ ఆగండి. 1920ల నుంచి 1990ల మొదటి దాకా వచ్చిన సినిమాలే ఇందులో ఎక్కువ. ఇష్టాయిష్టాలు నావి, దాచుకోలేదు. కథల గుట్టు మాత్రం వీలైనంత వరకు విప్పలేదు.

## దిగకముందు

బ్లాక్ అండ్ వైట్ దెయ్యాన్ని చూసి ఈ రోజుల్లో ఎవరైనా భయపడతారా?

ఉలిక్కిపడితేనే భయం అనుకుంటే, చాలావాటికి భయపడరు. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' చూసి లైటు వేసుకుని పడుకునేవాళ్లు ఇప్పుడు ఉండరు. అయినా అందులో రాక్షసుడిగా వేసిన బోరిస్ కార్లాఫ్ మొదటిసారి కనపడే సీను ఒక్కటి చూడండి. తలుపు తెరుచుకుంటుంది. ఆకారం మనకి వీపు పెట్టి వెనక్కి అడుగులేస్తూ లోపలికొస్తుంది. మెల్లగా ఇటు తిరుగుతుంది. అక్కడ కెమెరా జరగదు, ఒక్కో కట్‌కి మొహం ఇంకాస్త దగ్గరగా వచ్చి నిలబడుతుంది. మ్యూజిక్ లేదు, అరుపు లేదు. బరువుగా వాలిన ఆ రెప్పల కింద కోపం కూడా లేదు, అప్పుడే పుట్టినవాడి చూపు ఉంది. ఈ సినిమాలు పెట్టే భయం ఈ రకం. చూస్తున్నంతసేపూ పెద్దగా ఏమీ అనిపించదు, రెండ్రోజుల తర్వాత మొహం కడుక్కుంటుంటే గుర్తొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? 1920 నుంచి వరసగా చూడాలా?

వద్దు. వరసగానే చూస్తానని పట్టుబట్టినవాళ్లు మధ్యలోనే మానేయడం చాలాసార్లు చూశాను. నేరుగా 1960ల్లో దిగండి. 'సైకో' (1960), 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968), 'హాలోవీన్' (1978), ఈ మూడూ ఇప్పటి ప్రేక్షకుడికి పరాయిగా ఉండవు. ఇప్పుడొచ్చే హారర్‌లో చాలా సరుకు వీటి నుంచి ఎత్తుకొచ్చిందే. అవి నచ్చాక వెనక్కి వెళ్లండి: 1942 నాటి 'క్యాట్ పీపుల్', ఆ తర్వాత యూనివర్సల్ స్టూడియో వాళ్ల 1930ల సినిమాలు, చివర్లో మూకీలు. ఇలా వెళ్తే ఏ ఎత్తుగడ ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పకుండానే మీకు దొరుకుతుంది. ఆ దొరకడంలో మజా వేరు.

రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. నావల్ల అవుతుందా?

మీకు పాతవే సరైనవి. 1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సార్ నియమావళి గట్టిగా అమలైంది, ఆ తర్వాత చాలాకాలం తెర మీద రక్తం కనపడితే ఒట్టు. 'సైకో'లో స్నానాల గది తూములోకి పోయేది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపులో అసలు రక్తం కన్నా అదే రక్తంలా కనపడుతుంది. ఎర్రటి రక్తం రంగుల్లో పారించినవాళ్లు ఇంగ్లండ్‌లోని హ్యామర్ కంపెనీ వాళ్లు, 1957లో 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'తో. ఇప్పుడు చూస్తే అదీ మన వేటకొడవళ్ల సినిమాల ముందు సాధువే. మీరు దూరంగా ఉండాల్సినవి 'ది ఈవిల్ డెడ్' (1981), 'ది థింగ్' (1982). రెండోది నాకు ప్రాణం, అయినా మిమ్మల్ని చూడమనను.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

1930లవి అయితే పదేళ్లు దాటిన పిల్లలతో నిశ్చింతగా చూడొచ్చు. అసలు ఈ సినిమాలకి రెండో జన్మ ఇచ్చింది పిల్లలే. 1957లో అమెరికాలో 52 పాత హారర్ సినిమాల్ని 'షాక్' అనే పేరుతో ఒక కట్టగా టీవీ స్టేషన్లకి అమ్మారు. అన్నీ యూనివర్సల్‌వే. రాత్రిపూట వేస్తే పిల్లలు విరగబడి చూశారు. మరుసటి ఏడాదే వాళ్ల కోసం 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' అనే పత్రిక మొదలైంది. ఒక్క జాగ్రత్త: 'ఫ్రాంకెన్‌స్టైన్'లో చెరువు గట్టున చిన్నపిల్లతో ఒక సీను ఉంది. దశాబ్దాల పాటు దాని చివరి ముక్క కత్తిరించే చూపించారు, 1980ల్లో మళ్లీ కలిపారు. చిన్నపిల్లలుంటే ముందు మీరొక్కరే చూసి నిర్ణయించుకోండి. 1960 తర్వాతి సినిమాల దగ్గరికి మాత్రం పిల్లల్ని తేవద్దు.

నాకు దెయ్యాలంటే నమ్మకమే లేదు. ఇవి ఎక్కుతాయా?

భేషుగ్గా. 'సైకో'లో దెయ్యం లేదు, 'ది వికర్ మ్యాన్'లో లేదు, 'ది టెక్సాస్ చైన్‌సా మాసకర్'లో లేదు. మనుషులే సరిపోయారు.

## చూడ్డానికి కూర్చున్నాక

మూకీ సినిమాలో మనుషులు బొమ్మల్లా గబగబా నడుస్తారేంటి? నవ్వొస్తోంది

అది సినిమా తప్పు కాదు, మీకు దొరికిన కాపీ తప్పు. అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవారు, సెకనుకి 16 నుంచి 20 ఫ్రేములు వచ్చేవి. టాకీలొచ్చాక 24 ఖాయమైంది. పాత రీలుని 24 మీద ఆడిస్తే అందరూ పరుగులే. పునరుద్ధరించిన ప్రింట్లలో వేగం సరిచేసి ఉంటుంది. యూట్యూబ్‌లో ఒకే మూకీ నిడివి ఒక్కోచోట ఒక్కోలా కనపడటానికి ఇదొక కారణం.

మూకీల్లో ఒక్కటే చూస్తానంటే 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' (1920) చూడండి. అందులో నీడలు లైట్ల వల్ల పడ్డవి కావు, నేల మీదా గోడల మీదా రంగుతో వేసినవి. కిటికీలు వంకర, పొగగొట్టాలు వంకర, వీధులు వంకర. మొదట నాటకం సెట్టులా ఉందని నవ్వుకుంటారు. కాసేపటికి ఆ ఊరికి అలవాటుపడి, మీ గది గోడలు తిన్నగా ఉండటమే తేడాగా అనిపిస్తుంది.

'నోస్ఫెరాటు'లో రక్తపిశాచి పట్టపగలు శవపేటిక మోసుకుని వీధిలో తిరుగుతాడు. ఎండ తగిలితే చస్తాడు కదా, ఇదేం లాజిక్?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరూ రంగు పూయని ప్రింటు చూసినవాళ్లే. 1922లో రాత్రిపూట వీధుల్లో షూటింగ్ చేసేంత శక్తి ఫిల్ముకి లేదు. అందుకని దర్శకుడు ముర్నౌ రాత్రి సీన్లు కూడా పగలే తీశాడు, విడుదల ప్రింట్లలో వాటికి నీలం రంగు అద్దారు. ఇంట్లో దీపం వెలుగుకి పసుపు, తెల్లవారే వేళకి గులాబీ. అప్పటి ప్రేక్షకుడికి నీలం అంటే రాత్రి అని చెప్పక్కర్లేదు. తర్వాత నలుపు తెలుపు కాపీలు తీసినవాళ్లు ఆ రంగులు వదిలేశారు, దాంతో పాపం రక్తపిశాచి ఓర్లాక్ ప్రభువు ఎండలో పెట్టె మోస్తూ కనపడతాడు. నీలం రంగున్న ప్రింటు చూడండి, అదే సీను గుండెలో రాయి వేస్తుంది.

ఎండకి చావడం అన్న ఊహ తెర మీదికొచ్చింది కూడా ఈ సినిమాతోనే. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాక్యులా పగలు తిరుగుతాడు. ఆ నవలనే అనుమతి లేకుండా పేర్లు మార్చి తీశారని స్టోకర్ భార్య ఫ్లారెన్స్ కేసు వేసింది, 1925లో జర్మనీ కోర్టు కాపీలన్నీ నాశనం చేయమంది. వేరే దేశాలకి వెళ్లిపోయిన ప్రింట్లు మిగలబట్టి మనం చూస్తున్నాం.

'డ్రాక్యులా' (1931)లో ఆర్ఆరే (నేపథ్య సంగీతమే) లేదు. నా ఫైలు పాడైందా?

పాడవలేదు. టైటిల్స్ మీద 'స్వాన్ లేక్' ముక్క ఒకటి వస్తుంది, ఆ తర్వాత సినిమా మొత్తం దాదాపు నిశ్శబ్దం. టాకీలకి అప్పుడప్పుడే మాటలొస్తున్న రోజులవి, మన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. బొమ్మలో వాయించేవాడు కనపడకుండా సంగీతం వస్తే జనం ఒప్పుకుంటారా అని నిర్మాతలకి అనుమానం. దశాబ్దాల తర్వాత ఫిలిప్ గ్లాస్ దీనికి కొత్తగా సంగీతం చేశాడు, డిస్కుల్లో అదీ ఉంటుంది. మొదటిసారి మాత్రం నిశ్శబ్దంగానే చూడండి. డ్రాక్యులా వేసిన బేలా లుగోసీ మాటకీ మాటకీ మధ్య ఇచ్చే విరామం అప్పుడే వినపడుతుంది.

ఇంకో సంగతి. యూనివర్సల్ వాళ్లు అవే సెట్ల మీద పగలు ఇంగ్లీషు సినిమా, రాత్రి వేరే నటులతో స్పానిష్ సినిమా తీశారు. రాత్రి బృందం దర్శకుడు జార్జ్ మెల్ఫర్డ్‌కి స్పానిష్ రాదు. అయినా కెమెరా పనితనంలో రాత్రివాళ్లే గెలిచారని నా ఓటు. నిడివి మాత్రం దాదాపు అరగంట ఎక్కువ.

ఫోన్‌లో చూస్తే సరిపోదా?

మిగతా సినిమాలకేమో గానీ వీటికి సరిపోదు. వీటిలో సగం కథ చీకట్లో జరుగుతుంది, ఫోను వెలుతురుకి ఆ చీకటి బూడిదరంగు మరకైపోతుంది. టీవీ ఉంటే గదిలో లైట్లు తీసేసి, సెట్టింగుల్లో రెండు పనులు చేయండి. కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. దాన్ని ఆపేయండి, లేకపోతే అన్ని సినిమాలూ డైలీ సీరియల్‌లా ఉంటాయి. రెండోది, బొమ్మని తెర నిండా సాగదీసే ఆప్షన్. 1950ల ముందు సినిమాలు ఇంచుమించు చదరంగా ఉంటాయి, అటూ ఇటూ నల్ల పట్టీలు రావడమే న్యాయం. టీవీ స్పీకరు మరీ పీలగా ఉంటే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

రంగులేసిన వెర్షన్ కూడా దొరుకుతోంది. అది చూడనా?

వద్దండి. తీసినవాళ్లు నలుపు తెలుపు కోసం లైట్లు పెట్టుకున్నారు. తర్వాత ఎవరో కంప్యూటర్ మీద పూసిన చర్మం రంగుకి ఆ నీడలు పొసగవు.

జంప్ స్కేర్ (ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేయడం) అనేది ఎవరు మొదలుపెట్టారు?

చాలామంది వేలు చూపించేది 'క్యాట్ పీపుల్' (1942) వైపు. దాని వెనకాల కథ ఇంకా బాగుంటుంది. ఆర్‌కేవో స్టూడియో వాళ్లు వాల్ లూటన్ అనే నిర్మాతకి మూడు షరతులు పెట్టారు: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, టైటిల్ మేమిచ్చిందే పెట్టాలి. టైటిల్ చూస్తే 'పిల్లి మనుషులు'. మామూలువాడైతే పిల్లి మాస్కులు కుట్టించేవాడు. లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి పిల్లిని వీలైనంత వరకు చూపించకుండానే లాగించారు.

పార్కు పక్కన ఒకమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకో ఆడమనిషి. మనకి వినపడేది రెండు జతల హీల్స్ చప్పుడు మాత్రమే. దీపస్తంభం కింద వెలుగు, మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. ముందు నడిచే అమ్మాయి వేగం పెంచుతుంది, తర్వాత పరుగు. చెవులు రిక్కించి వింటున్న ఆ క్షణంలో పక్క నుంచి బుస్సుమంటూ ఏదో తెరలోకి దూసుకొస్తుంది. చూస్తే, సిటీ బస్సు. బ్రేకు గాలి చప్పుడు. అంతే. ఈ ఎత్తుగడకి సినిమావాళ్లలో 'లూటన్ బస్సు' అనే పేరు నిలిచిపోయింది. ఇప్పటి సినిమాలు బస్సుని పట్టుకున్నాయి, దాని ముందున్న నడకని వదిలేశాయి. అందుకే ఉలిక్కిపడతాం, మరుక్షణం మర్చిపోతాం.

'సస్పీరియా'లో పెదవులకీ మాటకీ పొంతన లేదు. డబ్బింగ్ కాకుండా ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుంది?

అలాంటి ఒరిజినల్ లేదు. అప్పటి ఇటలీలో షూటింగ్‌లో గొంతులు రికార్డు చేసేవారే కాదు, ఒక్కో నటుడు ఒక్కో భాషలో చెప్పినా తర్వాత అన్ని భాషల్లోకీ డబ్బింగే. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకి ఇదొక లెక్కా. 'సస్పీరియా' (1977) చూడాల్సింది రంగుల కోసం, వినాల్సింది గాబ్లిన్ బృందం సంగీతం కోసం. తలుపు పిడులు గమనించండి, మనిషి తల ఎత్తున ఉంటాయి. దర్శకుడు దారియో అర్జెంటో మొదట చిన్నపిల్లల కథగా అనుకుని, తర్వాత పాత్రల వయసు పెంచాడు. పిడులు మాత్రం పైనే ఉంచేశాడు. పెద్దమ్మాయిలు అక్కడ పసిపిల్లల్లా కనపడటానికి కారణం అదే.

## రుచి తగిలాక

ఆడని సినిమాలకి తర్వాత ఇంత పేరెలా వస్తుంది?

రెండో చూపుకి అవకాశం దొరకడం వల్ల. జాన్ కార్పెంటర్ 'ది థింగ్' 1982 జూన్ 25న వచ్చింది. దానికి రెండు వారాల ముందే స్పీల్‌బర్గ్ 'ఈటీ' వచ్చి, గ్రహాంతరవాసి అంటే ముద్దొచ్చే నేస్తం అని జనం మనసులో పడిపోయింది. ఇక్కడేమో మంచు ఎడారిలో పన్నెండు మంది మగవాళ్లు, వాళ్లలో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. విమర్శకులు ఉతికేశారు, వసూళ్లూ అంతంతే. తర్వాత వీడియో క్యాసెట్లలో, టీవీలో జనం ఇంట్లో కూర్చుని, వెనక్కి తిప్పి తిప్పి చూశారు. ఎవరు ఎప్పుడు మారిపోయారన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ వింత ఆకారాలన్నీ రాబ్ బాటిన్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడి బృందం రబ్బరుతో, రసాయనాలతో, తీగలతో చేసినవి. పని ఒత్తిడికి అతను ఆస్పత్రి పాలయ్యాడు.

కొన్నిటికి థియేటరే ఊపిరి పోసింది. 1970ల్లో న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు వేసేవారు. మన సెకండ్ షో జనంలాంటి జనం, అదే సినిమాకి వారం వారం వచ్చేవారు. 'ది రాకీ హారర్ పిక్చర్ షో' (1975) మొదట పోయి, 1976 నుంచి ఆ అర్ధరాత్రి ఆటలతోనే బతికింది.

'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఎక్కడ చూసినా ఫ్రీగా ఉంది. పైరసీయా?

కాదు, దర్జాగా చూడొచ్చు. పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్ములు తీసుకునే జార్జ్ రొమేరో, అతని స్నేహితులు సుమారు 1,14,000 డాలర్లతో తీసిన సినిమా ఇది. మొదట పెట్టిన పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. పంపిణీదారులు పేరు మార్చమన్నారు. టైటిల్ కార్డు మార్చినప్పుడు, దాని మీదున్న కాపీరైట్ లైను కూడా ఎగిరిపోయింది, కొత్తదాని మీద పెట్టడం ఎవరూ పట్టించుకోలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం విడుదల ప్రింటు మీద ఆ లైను లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరు పడితే వాళ్లు ప్రింట్లు వేసుకున్నారు, టీవీలో వేశారు, క్యాసెట్లు అమ్ముకున్నారు. తీసినవాళ్ల జేబుకి చిల్లు పడింది, సినిమా మాత్రం ఊరూరూ తిరిగింది. కాపీరైట్ లైను పడి ఉంటే ఇంతమంది చూసేవాళ్లా అని నాకు అనుమానమే.

ఫ్రీ కాపీల్లో చాలావరకు మసకబారినవి. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాళ్లు 2016లో అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించారు, వీలైతే అది పట్టుకోండి. ఆ ప్రింటులో హీరో డ్వేన్ జోన్స్ మొహంలో ప్రతి గీతా కనపడుతుంది. 1968 అమెరికాలో, ఇంటినిండా తెల్లవాళ్లున్నచోట ఒక నల్లజాతి యువకుడు అందరికీ దారి చూపుతాడు, దాని గురించి సినిమాలో ఒక్కరూ ఒక్క ముక్క మాట్లాడరు. చివరి పది నిమిషాలు ఎవరూ ముందుగా చెప్పకుండా చూడాలి.

'టెక్సాస్ చైన్‌సా' పేరు వింటేనే భయం. అంత ఘోరంగా ఉంటుందా?

పేరున్నంత రక్తం సినిమాలో లేదు. దర్శకుడు టోబ్ హూపర్, పిల్లలు పెద్దలతో చూడదగ్గ సర్టిఫికెట్టే వస్తుందని ఆశపడి, రక్తం కావాలనే తగ్గించాడు. కొక్కెం సీను తలుచుకుని గింజుకునేవాళ్లు మళ్లీ వేసుకుని చూడండి, ఇనుము ఒంట్లో దిగడం తెర మీద ఉండదు, మీరే ఊహించుకున్నారు. ఘోరమంతా వాతావరణంలో ఉంది. టెక్సాస్ నడివేసవిలో, కిటికీలు మూసిన ఇంట్లో, నిజం ఎముకల మధ్య, కుళ్లిన మాంసం వాసనలో భోజనాల సీను రోజు దాటి ఏకబిగిన తీశారు. ఆ నటుల కళ్లలో కనపడే పిచ్చి నటన మాత్రమే అనిపించదు. బ్రిటన్ సెన్సార్ వాళ్లకి ఏ ముక్క కత్తిరించాలో తెలియక సినిమా మొత్తాన్నే ఆపారు. 1999లో గానీ కత్తిరింపుల్లేకుండా వదల్లేదు.

'ఎక్సార్సిస్ట్' తీసేటప్పుడు నిజంగా శాపం తగిలిందంటారు. నిజమేనా?

సెట్టు కాలిపోవడం నిజం, నటులకి దెబ్బలు తగలడం నిజం. శాపం మాత్రం ప్రచారానికి పనికొచ్చిన మాట. ఎలెన్ బర్స్టిన్ నడుముకి తాడు కట్టి వెనక్కి లాగారు, ఆమె వెన్ను దెబ్బతింది. ఆ కేక సినిమాలో అలాగే ఉంది. దాన్ని దెయ్యం ఖాతాలో వేస్తే తాడు లాగమన్నవాళ్లు తప్పించుకున్నట్టే. నాకు ఆ సినిమాలో ఇష్టమైన సంగతి చలి. నోట్లోంచి ఆవిరి రావడం కనపడాలని పడకగది సెట్టు మొత్తాన్నీ ఫ్రిజ్‌లా చల్లబరిచారు, సాంకేతిక నిపుణులు స్వెటర్లేసుకుని పనిచేశారు. అదే 1973లో వచ్చిన 'ది వికర్ మ్యాన్'కి దీనికి సరిగ్గా ఎదురు తిప్పలు. కథ మే నెలలో, షూటింగ్ స్కాట్లాండ్ చలిలో. ఆవిరి కనపడకుండా నటులు ఐసుముక్కలు చప్పరించారు, చెట్లకి ఉత్తుత్తి పూలు అంటించారు.

ఒకే సినిమాకి మూడు నాలుగు వెర్షన్లు ఉన్నాయి. ఏది చూడాలి?

మొదటిసారి థియేటర్లో వచ్చిందే చూడండి, మిగతావి ముదిరాక. 'ది షైనింగ్' (1980) అమెరికాలో 144 నిమిషాలు, ఐరోపాలో 119. నాకు పొడుగుదే నచ్చుతుంది, ఆ హోటల్లో విసుగు కూడా కథలో భాగమే. 'డాన్ ఆఫ్ ది డెడ్' (1978) రొమేరో కట్ 127 నిమిషాలు, ఐరోపా కోసం అర్జెంటో చేసిన కట్ 119. రొమేరోదే చూడండి. 'ది వికర్ మ్యాన్'కి మాత్రం ఈ సూత్రం చెల్లదు, విడుదలప్పుడు బాగా కోసేశారు. 2013లో వచ్చిన 'ఫైనల్ కట్' తీసుకోండి.

జపాన్ వాటిలో 'రింగు' తప్ప ఏమీ తెలియదు. ఇంకేం చూడాలి?

రెండు చెప్తాను, రెండూ రెండు కొసలు. ఒకటి మసాకి కొబయాషి 'క్వైదాన్' (1964). నాలుగు కథలు, మూడు గంటలు, ఆకాశం కూడా చేత్తో వేసిన తెరే. అందులో దెయ్యాల బారి నుంచి కాపాడటానికి ఒక గుడ్డి గాయకుడి ఒంటి నిండా మంత్రాలు రాస్తారు, ఒక్క చోటు మర్చిపోతారు. ఆ మరిచిన చోటు ఏదో చెప్పను.

రెండోది నొబుహికో ఒబయాషి 'హౌస్' (1977). పియానో అమ్మాయిని మింగేస్తుంది, తెగిన తల గాల్లో తేలి వచ్చి కొరుకుతుంది. ఊహల్లో చాలావరకు దర్శకుడి చిన్నారి కూతురు చెప్పినవే. విదేశీయులు దీన్ని చూసి నోరెళ్లబెడతారు గానీ, విఠలాచార్య సినిమాలు చూసినవాళ్లకి ఇది చుట్టాలింటికి వెళ్లినట్టుంటుంది.

## మన దగ్గర

తెలుగులో పాత హారర్ అంటూ ఉందా?

హారర్ అన్న పేరుతో తక్కువ, జానపదం ముసుగులో బోలెడు. విఠలాచార్య దెయ్యాలు పొయ్యిలో కట్టెల బదులు కాళ్లు పెట్టి వంట చేస్తాయి. కట్టూ, డబుల్ ఎక్స్‌పోజరూ (ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం), నల్లదారాలూ తప్ప చేతిలో ఏమీ లేని రోజుల్లో అంత పనితనం. 'జగన్మోహిని' (1978) తమిళంలో కూడా విరగబడి ఆడింది. దీన్ని కామెడీగా మాత్రమే చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇటలీవాడు తీస్తే కళ, మనవాడు తీస్తే నవ్వులాటా?

అచ్చమైన హారర్ కావాలంటే రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992). తెలుగులో, హిందీలో ఒకేసారి తీశారు. రేవతి నటన, తేజ కెమెరా, మణిశర్మ ఆర్ఆర్. దెయ్యానికి వేషం లేదు, పాట లేదు. మధ్యతరగతి ఇల్లు, పిల్లి, నేలమాళిగ. కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందో తెలియకుండా ఇల్లంతా తిరుగుతుంది. ఆ తర్వాత మళ్లీ తెలుగు హారర్‌ని ఊరూవాడా పట్టుకెళ్లింది 'అరుంధతి' (2009). అందులో పశుపతి భయపెట్టింది సోనూ సూద్ మొహంతో సగం, పి. రవిశంకర్ గొంతుతో సగం.

హిందీలో హారర్ తీసిన రామ్సే బ్రదర్స్ సినిమాలు చెత్తవి కదా, ఎందుకంత మోజు?

చెత్తలో కూడా ఒక నిజాయితీ ఉంటుంది. వాళ్ల నాన్న 1970లో తీసిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' పోయింది. కానీ పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్కు వేసుకుని దొంగతనం చేసే సీనుకి మాత్రం జనం మళ్లీ మళ్లీ వస్తున్నారని కొడుకులు గమనించారు. ఆ ఒక్క సీనునే సినిమా చేద్దామని 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' తీశారు. ఏడుగురు అన్నదమ్ములు. ఒకరు కెమెరా, ఒకరు సౌండు, ఒకరు ఎడిటింగు, తులసీ, శ్యామ్ దర్శకత్వం. ఇంట్లోవాళ్లే యూనిట్టు. 'పురానా మందిర్' (1984)తో మొదలుపెట్టండి. మధ్యలో జగ్‌దీప్ 'షోలే' పేరడీ ఒకటి వస్తుంది, దానికీ కథకీ సంబంధం లేదు, ఫార్వర్డ్ చేసుకోండి. ఆరడుగులు దాటిన సామ్రీ రాక్షసుడు అనిరుధ్ అగర్వాల్ మొహానికి మేకప్ పెద్దగా అక్కర్లేకపోయింది. మంచి ప్రింట్లు దొరకడం కష్టం, ఉన్నదాంతో సర్దుకోవాలి.

హిందీలో వీళ్లకన్నా ముందు ఏమీ లేదా?

'మహల్' (1949) ఉంది. పాడుబడ్డ బంగళా, ఊగే ఉయ్యాల, అశోక్ కుమార్, మధుబాల. కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ జర్మన్. బాంబే టాకీస్ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ మెట్ల మీద నీడలు జర్మనీ మూకీల నుంచి తిన్నగా బొంబాయికి దిగినవే. 'ఆయేగా ఆనేవాలా' పాట దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టుంటుంది. లతా మంగేష్కర్ గది మూల నుంచి మైకు దగ్గరికి నడుస్తూ పాడారట, ఆ సంగతి ఆవిడే చెప్పారు.

## బాగా ముదిరాక

రీమేక్ చూస్తే పాతది చూసినట్టే కదా?

ఒక్కోసారి రీమేకే గొప్పది. కార్పెంటర్ 'ది థింగ్' కూడా 1951 సినిమాకి రెండో రూపమే, ఇద్దరూ జాన్ క్యాంప్‌బెల్ 1938లో రాసిన పెద్దకథ నుంచే తీసుకున్నారు. 'నోస్ఫెరాటు'ని 1979లో వెర్నర్ హెర్జోగ్, 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ తీశారు. హెర్జోగ్‌ది తప్పక చూడండి. కానీ 'సైకో'ని 1998లో ఇంచుమించు షాటుకి షాటు దించి తీశారు, అన్నీ ఉన్నాయి, భయం లేదు. పాతది ముందు చూసి తర్వాత కొత్తదానికి వెళ్తే ఎవరు ఏం కొన్నారో, ఏం దొంగిలించారో తెలుస్తుంది.

ఒంటరిగా చూడాలా, నలుగురితోనా?

నెమ్మదైనవి ఒంటరిగా, గోల ఉన్నవి నలుగురితో. 'క్యాట్ పీపుల్' మధ్యలో ఎవరైనా పకోడీలు అడిగితే సినిమా చచ్చినట్టే. 'ఈవిల్ డెడ్ 2', 'హౌస్', రామ్సేలు మాత్రం జనం లేకపోతే సగమే.

విదేశీ డిస్కు తెప్పించాను, మన ప్లేయర్లో ఆడట్లేదు. ఏం చేయాలి?

రీజియన్ లాక్ చూసుకోండి, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో కట్టేసే తాళం. డీవీడీకి ఇండియా రీజియన్ 5, అమెరికా 1, బ్రిటన్ 2. బ్లూరేకి మనది సి, అమెరికా ఎ, బ్రిటన్ బి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు పెట్టె వెనకాల ఆ గుర్తు ఫొటో తీసి పంపమని అడగండి. కొన్ని డిస్కులు లాక్ లేకుండా వస్తాయి, పెట్టె మీద మూడు అక్షరాలూ ఉంటాయి. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ గొడవే లేదు, కానీ వాటికి వేరే ప్లేయరు కావాలి, పాత బ్లూరే మిషను చదవదు. అదే పెట్టెలో జతగా ఇచ్చే మామూలు బ్లూరేకి మాత్రం లాక్ ఉండొచ్చు. ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే.